ఆరు పదికి బయల్దేరే బండి

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఒక పాత కారు బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కి చాయ్‌కి బయల్దేరింది. హైటెక్ సిటీలోని ఆ ఆఫీసు భవనంలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరిన రోజు నేను చూసిన మొదటి కదలిక అది.

మాజీ సైనికుడంటే అందరూ సరిహద్దు గురించి అడుగుతారు. అక్కడ నేను చేసింది ఎక్కువగా బళ్ల మరమ్మతు. నాకు గుర్తుండిపోయిన డ్యూటీ మాత్రం ఇది. రెండో బేస్‌మెంట్. ఎండ లేదు, వాన లేదు. ఏసీ యంత్రాల హోరు. చేతిలో వాకీటాకీ, టార్చి.

ఆ కారు ఎమర్జెన్సీ బండి. ఆఫీసులో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే దవాఖానకు తీసుకెళ్లాలి. పాత మోడల్, ఆటోమేటిక్ గేర్లు. డ్రైవర్ యాదగిరి, మియాపూర్ మనిషి. తిరిగి రాగానే ఆపాను.

"ఎమర్జెన్సీ బండిల చాయ్‌కి పోతవా?"

"చాయ్ పడకుంటే నాకే ఎమర్జెన్సీ సార్."

కారు కిటికీలోంచి నాకూ ఒక కప్పు అందించాడు. డీజిల్ దొంగ అనుకున్నాను. కొన్నాళ్లు ట్యాంకు ముల్లు గమనించాను. తేడా దొరకలేదు. ఆ తర్వాత రోజూ ఆ కప్పు తాగాను.

వానాకాలంలో యాదగిరి పోయాడు. గుండెపోటు.

కొత్త డ్రైవర్ కడప నుంచి వచ్చిన నడివయసు మనిషి. కొండాపూర్‌లో గది కిరాయికి తీసుకుని భార్యాపిల్లల్ని అప్పుడే తెచ్చుకున్నాడు. ఎమర్జెన్సీ అయితే తప్ప బండి కదలకూడదని భవనం మేనేజర్ మొదటి రోజే చెప్పాడు. అతను కదపలేదు.

ఒక సోమవారం పొద్దున గార్డు వాకీటాకీలో పిలిచాడు.

"సార్, బండి కింద ఎర్రగున్నది. నెత్తురా ఏంది?"

"ముట్టుకోకు. వస్తున్నా."

వేలితో అద్ది వాసన చూశాను. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉండేది. స్టీరింగ్ ఆయిల్ కూడా ఎర్రదే, కానీ అది ముందు చక్రాల దగ్గర కారుతుంది. ఈ మరక బండి నడుమ ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్.

మేనేజర్ వచ్చి చూశాడు. "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెలా వచ్చిందండీ? మారింది మనిషే కదా. ఎక్కడో కింద తగిలించి ఉంటాడు. శుక్రవారంలోగా తేల్చండి. లేకపోతే వేరేవాణ్ణి చూద్దాం."

నాకూ అదే అనుమానం. కెమెరాల రికార్డింగు తిప్పి చూశాను. బండి కిందికి దూరాను. గీత కూడా లేదు. మరక పడిన చోట అట్టముక్క పరిచాను. డ్రైవర్ గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

"కాపలా నాకా సార్, బండికా?"

"ఇద్దరికీ."

మంగళవారం నాలుగో అంతస్తులో ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. బండి దవాఖానకు వెళ్లొచ్చింది. బుధవారం అట్ట పొడిగా ఉంది. నా అనుమానం ఇంకా పెరిగింది. కాపలా ఉందని జాగ్రత్తపడ్డాడు అనుకున్నాను. తాళం చెవి తీసుకుని నా జేబులో వేసుకున్నాను.

శుక్రవారం అట్ట మళ్లీ ఎర్రగా తడిసింది. తాళం నా జేబులోనే ఉంది.

గేర్‌బాక్స్ శుభ్రంగా తుడిచి, తెల్ల పొడి ఏదైనా ఉందా అని అడిగాను. డ్రైవర్ తన సంచిలోంచి ముఖానికి రాసుకునే పౌడరు తీశాడు.

"కొత్త డబ్బా సార్. కొంచెమే వాడండి."

చల్లి కూర్చున్నాం. అరగంటకు, గేర్ల కడ్డీ గేర్‌బాక్స్‌లోకి దూరే చోట, పౌడరు మీద ఎర్రటి గీత కిందికి దిగింది.

కారణం సాదా. రోజూ తిరిగే బండిలో ఆయిల్ పైభాగాల్లో నిండి ఉంటుంది. రోజుల తరబడి నిలబెడితే మెల్లగా అడుగుకు చేరి మట్టం పెరుగుతుంది. కడ్డీ దాకా వస్తుంది. అక్కడి రబ్బరు సీలు ఏనాడో గట్టిపడి ఆయిల్‌ని ఆపలేకపోతోంది. మంగళవారం బండి తిరిగింది కాబట్టే బుధవారం అట్ట పొడిగా ఉంది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు కారలేదండీ?" అన్నాడు చూడటానికి వచ్చిన మేనేజర్.

"యాదగిరి రోజూ చాయ్‌కి తీసుకెళ్లేవాడు."

ఆయన వంగి పౌడరు మీది గీత చూశాడు. "ఇందుకనేనా? అతనికి తెలుసా?"

"తెలీదు. చాయ్‌కే."

సీలు మార్చారు. డ్రైవర్ ఉద్యోగం నిలిచింది. మరుసటి ఏడు నేను డ్యూటీ వదిలి సిద్దిపేట దగ్గర మా ఊరికి వచ్చేశాను. ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ర్యాంపు దిగుతున్న బండి, కిటికీలోంచి బయటికి చాచిన చెయ్యి, అందులో ఒలకకుండా పట్టుకున్న కాగితం కప్పు.

కొత్త సీలు కారదు. బండి నిలబడి ఉన్నా ఫరవాలేదు. ఆరు పదికి దాన్ని ఎవరూ తీయరు.