పెళ్ళికొచ్చిన మూట

ఈ వారం మా సందు మొదట్లో మళ్ళీ సున్నం గీతలు గీస్తున్నారు. తడిసిన సున్నం వాసన, దాని వెంటే లేచే దుమ్ము, ఆ దుమ్ములో టేపు చెరో కొస పట్టుకొని అరుచుకుంటున్న ఇద్దరు మనుషులు. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకొని గుమ్మంలో నిలబడి చూశాను. దేనికి గీస్తున్నారని అడిగితే, పైనుంచి ఆర్డరు వచ్చిందని ఒకడు తలెత్తకుండానే చెప్పాడు. పైనుంచి వస్తే వచ్చిందిలే, కింద ఉండే మనిషికి ఒక ముక్క చెబితే వీళ్ళ సున్నం ఏమైనా తరిగిపోతుందా? ఆ వాసనకే నాకు హేతల్ గుర్తుకొచ్చింది. ప్రేమగా గుర్తుకొచ్చిందని అనుకోకండి. ఈ సూరత్‌లో నన్ను అంతగా విసిగించిన మనిషి ఇంకొకరు లేరు, మా ఇంటాయనతో సహా.

హేతల్ బస్సుల దారి గీసే ఆఫీసులో ఇంజనీరు. పర్వత్ పాటియా మీదుగా బట్టల మార్కెట్ల వైపు పోయే పెద్ద రోడ్డు నడిమధ్యలో బస్సులకే వేరుగా దారి వేస్తారని, అందులోకి మరే బండీ రాకుండా ఇనుప కంచె కడతారని, బస్సెక్కే స్టేషన్ కూడా రోడ్డు మధ్యలోనే ఉంటుందని అప్పట్లో అందరూ చెప్పుకునేవారు. మా సందులో ఎక్కువమంది కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళం. మగవాళ్ళు మగ్గాల మీదికి పోతే, ఆడవాళ్ళం ఇంట్లో కూర్చొని చీరలకు మెరిసే టిక్కీలు అతికిస్తాం. అతికించిన చీరలను మూట కట్టి, షేరింగ్ ఆటోలో సలాబత్‌పురాలోని సేఠ్ దుకాణానికి తీసుకుపోయి ఇచ్చి, కొత్త చీరలు మూట కట్టి తెచ్చుకుంటాం. బస్సులు వస్తే ఆ రోడ్డు మీద షేరింగ్ ఆటోలు ఆపేస్తారన్నారు. అంటే మూట బస్సెక్కకపోతే మా పని అక్కడితో సరి. ఈ సంగతి మాకు తెలుసు. కానీ ఎవరికి చెప్పాలో, చెబితే వినేవారెవరో తెలియదు.

అలాంటప్పుడు, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, చంకలో కాగితాల చుట్ట పెట్టుకొని ఆమె మా సందులోకి వచ్చింది. నా కూతురికంటే చిన్నది. ఆమెకు తెలుగు రాదు, నాకు వచ్చిన హిందీలో సగం గుజరాతీ. మేము మాట్లాడుకున్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, పిన్ని అనడానికి ఆమె అనే మాసీ తప్ప. నా గుమ్మం ముందు కట్టి ఉన్న మూటను చూసి ఆగింది. దాన్ని ఎత్తుకుంటానంది.

"ఎందుకు బిడ్డా? గిది నువ్వు మోసేదా?"

"ఎత్తుకుంటే మనిషి ఎటు ఒరుగుతుందో చూడాలి మాసీ."

"ఒరుగుడు నేను చెప్త. నువ్వు కాగితం మీద రాసుకో."

"చెబితే నాకు అర్థం కాదు," అంటూనే ఎత్తేసింది. రెండడుగులు వేసి గోడకు గుద్దుకుంది. మూట పక్కకు జారింది. పక్కింటి రాజవ్వ పని ఆపి నవ్వడం మొదలుపెట్టింది. "వదినా, ఇంజనీరమ్మ పడితే పోలీసులొస్తరు, చీరలు పడితే సేఠ్ వస్తడు. నువ్వు దేన్ని పట్టుకుంటవో చూస్తున్న."

నేను చీరలనే పట్టుకున్నాను. అయినా ఒక చీర కొంగు మోరీ నీళ్ళలో తడిసింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల కోపం తెచ్చుకుంటుందేమో, తెచ్చుకుంటే లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళలేదు. కాగితాలు పక్కన పెట్టి, నా బకెట్ ముందర కూర్చొని కొంగు ఉతికింది. ఉతుకుతూ, మూట దించేటప్పుడు ఎవరి సాయం కావాలి, ఆటోలో ఎక్కడ పెడతారు, వాన పడితే ఏం కప్పుతారు అని అడుగుతూనే ఉంది. వెళ్ళేసరికి నా సబ్బు సగం అరిగిపోయింది.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి, మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలానికి మమ్మల్నందరినీ మూటలతో రమ్మంది. వెళ్ళి చూస్తే అక్కడ సున్నంతో గీతలు గీసి, వెదురు బొంగులు పాతి, వాటికి మిల్లులో పక్కన పడేసిన చీరల బట్ట చుట్టి ఒక స్టేషన్ కట్టి పెట్టింది. ఇది ర్యాంపు, ఇది గేటు, ఇది బస్సు తలుపు అని చూపించింది. పిల్లలు బొమ్మరిల్లు కట్టినట్టు ఈ వయసులో ఇదేం ఆట అనిపించింది నాకు. అంతకంటే ముందు ఆ బట్ట మీదికి పోయింది నా కన్ను. బొంతలకు పనికొచ్చే బట్టను మేకులు కొట్టి చించి పెట్టింది. "అయిపోయినంక గిది ఏం చేస్తవ్?" అని అడిగాను. "పారేస్తాం మాసీ," అంది. పారేస్తుందట! ఒక్క పీలిక కూడా పారేయడానికి వీల్లేదని, అంతా నాకే ఇవ్వాలని అక్కడే ఒప్పించుకున్నాను.

ఆ రోజు ఆఫీసు సాబులు కూడా వస్తున్నారని మాకు ముందే తెలిసింది. అందుకని అందరూ పెట్టెల్లోంచి మంచి చీరలు తీసి కట్టుకున్నారు. రాజవ్వ పూలు కూడా పెట్టుకుంది. సాబుల ముందర కొండంత మూటలు వేసుకొని చెమటలు కక్కుతూ పోతే ఏం మర్యాదగా ఉంటుందని, అందరూ మూటలు ముద్దుగా, చిన్నగా కట్టుకొచ్చారు. నేనైతే సేఠ్ చీరలను ఆ దుమ్ములో పెట్టేదాన్ని కాదు. మా ఆయన పాత లుంగీలు లోపల పెట్టి, పైన మంచి గుడ్డ చుట్టాను. ఒకరి వెనక ఒకరం గేటులోంచి చక్కగా దాటాం. ఎవరి భుజమూ తగల్లేదు. సాబులు చప్పట్లు కొట్టారు. ఇక ఇళ్ళకు పోవచ్చని మేమూ సంబరపడ్డాం.

హేతల్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, నా మూటను ఒంటి చేత్తో పైకి లేపింది. మొన్న నా మూట ఎత్తి గోడకు గుద్దుకున్న మనిషి!

"ఇది పెళ్ళికొచ్చిన మూట మాసీ. పనికి పోయే మూట ఏది?"

"సాబులొచ్చిన్రు గదా బిడ్డా. గంత పెద్దది నెత్తిన పెట్టుకొని గలీజుగ ఎట్లొస్తం?"

"మీరు దీనితో దాటితే నేను దీనికే తలుపు కడతాను. సిమెంటుతో కడతాను. ఆ తరువాత రోజూ దాని ముందు నిలబడి నన్ను తిట్టుకుంటారు."

"ఇప్పుడు తిడ్తలేనా?"

"ఇప్పుడు తిడితే వెదురు జరుపుతాను. సిమెంటును ఎలా జరపను?"

అందరినీ ఇళ్ళకు పంపింది. ఆ ఎండలో! తిట్టుకుంటూ వెళ్ళి, మంచి చీరలు విప్పేసి, అసలు మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చాం. ఈసారి మొదట వెళ్ళిన రాజవ్వ గేటులో ఇరుక్కుపోయింది. ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు. "వదినా, నన్ను గిక్కడ్నే ఉంచుండ్రి, టికెట్లు నేనే ఇస్త," అని అందులోంచే అరిచింది. హేతల్ బొంగు పీకి జరిపి పాతింది, మళ్ళీ నడవమంది. ర్యాంపు మీద కాళ్ళు వెనక్కి లాగుతున్నాయంటే దాని వాలు తగ్గించింది, మళ్ళీ నడవమంది. బాగుంది తల్లీ, ఇక వదిలెయ్ అని దండం పెట్టాం. "బాగుందని చెప్పకండి, నడిచి చూపించండి," అంది. ఆ పూట ఒక్క టిక్కీ అతికించలేదు. పొయ్యి మీద పప్పు మాడిపోయిందని రాజవ్వ ఇప్పటికీ అంటుంది.

ఆ తరువాత వాళ్ళ పెద్ద సాబు ఆ వెదురు స్టేషన్ చూడడానికి వచ్చాడు. వెడల్పు గేటు సరే, కానీ బస్సు మనుషులకే గానీ సామాన్లకు కాదన్నాడు. హేతల్ అందరి ముందర అడిగింది. "ఈమె ప్యాసింజర్ కాదా సార్?"

"ఈమె ప్యాసింజరే. మూట కాదు."

"మూట లేకపోతే ఈమెకు బస్సుతో పనేముంది సార్?"

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం మాతాజీ, ఆటోలో పోతారు కదా, ఠీక్ హై?" అన్నాడు. ప్యాంటు షర్టు వేసుకున్న మనిషి ఠీక్ హై అంటే, ఠీక్ హై అనడమే మా నోళ్ళకు అలవాటు. రేషన్ షాపులోనూ అంతే, ఆసుపత్రిలోనూ అంతే. పని తొందరగా తేలిపోతుంది. హేతల్ నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆమె అలా చూడకపోతే అనేసేదాన్నే.

"ఠీక్ లేదు సాబ్. ఆటోలు బంద్ పెట్టేది మీరే, ఆటోల పొమ్మనేది మీరే. గట్లెట్ల అయితది?"

చూద్దాం అని వాచీ చూసుకొని వెళ్ళిపోయాడు. నన్నెందుకు ముందర నిలబెట్టావని దారి పొడుగునా ఆమెను తిట్టాను. "నేను అడిగితే కుదరదని కాగితం మీద రాసేస్తారు మాసీ. మిమ్మల్ని చూస్తూ అనడం అంత సులువు కాదు," అంది.

అసలు స్టేషన్ గేటు వెడల్పుగా కట్టారు. మూట సంగతి మాత్రం తేలలేదు. బస్సులు మొదలుకాకముందే హేతల్ వేరే ఊరి పని మీదికి వెళ్ళిపోయింది. పోయేముందు ఘారీ మిఠాయి డబ్బా తెచ్చింది, అంత ఖరీదైనది ఎవరు తెమ్మన్నారో. "మూట సంగతి ఏమాయె?" అన్నాను. అంతా రాసిపెట్టానని, అయితే రాసింది చదివేవాళ్ళు మారిపోతుంటారని చెప్పింది. "మీరే నిలబడాలి మాసీ."

"నువ్వేమో పోతవ్, మేమేమో నిలబడాలె. మంచిగుంది!"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బస్సులు మొదలయ్యాక చీరలు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. జర చిన్నగ కడుదామా అని రాజవ్వ అడిగింది. వద్దన్నాను. ఎప్పటిలాగే కట్టి, ఎప్పటిలాగే నెత్తిన పెట్టుకొని వెళ్ళాం. ర్యాంపు మీద కాళ్ళు లాగలేదు. గేటులో మూట ఎక్కడా తగల్లేదు. లోపల గార్డు మూటను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "పోట్లా బస్సులో ఎక్కించకూడదు మాసీ. బయట ఏదో ఒక బండి చూసుకోండి. ఠీక్ హై?"

"ఠీక్ లేదు," అన్నాను. "గింత పెద్ద గేటు ఎవరికోసం కట్టిన్రో మీ సాబుకు ఫోన్ చేసి అడుగు. అందాక నేను గిక్కడ్నే ఉంట."

వెనక జనం గొణిగారు, తరువాత అరిచారు. బస్సు వచ్చింది, పోయింది, ఇంకొకటి వచ్చింది. మెడ నరాలు లాగుతున్నాయి. సిగ్గు కూడా వేసింది, లేదని చెప్పను. మూట దించమని గార్డు అంటాడు, దించితే పక్కకు జరపమంటాడని నేను దించను. చివరికి విసుగొచ్చి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, రద్దీ లేని మధ్యాహ్నం పూట అయితే రానిమ్మన్నారట. అప్పుడు మధ్యాహ్నమే. ఎక్కాం. ఖాళీగా ఉన్న సీటు మీద మూటలు పెట్టి మేము పక్కన కమ్మీ పట్టుకున్నాం. "చూసినవా వదినా, చీరలు ఏసీల కూసున్నయ్, మనం నిలబడ్డం," అంది రాజవ్వ. ఆ సంగతి హేతల్‌కు చెప్పాలనిపించింది. చెబితే, ఎంతసేపు నిలబడ్డారు, ఎటు ఒరిగారు అని మళ్ళీ మొదలుపెడుతుందని ఊరుకున్నాను.

ఆమె విసిగించింది ఊరికే పోలేదు. ఇప్పుడు మోకాలికి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున, నొప్పి లేని పూట చూసుకొని హాయిగా ఆటోలో పోయి కూర్చోను. నీళ్ళు మోసి, మెట్లెక్కి, నొప్పి లేచాకే పోతాను. ఎలా ఉందంటే బాగానే ఉందని చెప్పను, లేచి నడిచి చూపిస్తాను. మా కోడలు నన్ను చూసి తల పట్టుకుంటుంది. పట్టుకోనీ.

మొన్న రాజవ్వ కోడలు మూటను రెండుగా విడదీసి కడుతుంటే చూశాను. అదేమంటే, "కొత్త గార్డు జర చిన్నగ తెమ్మంటున్నడు అత్తమ్మా. రెండుసార్లు పోయొస్త, ఏమైతది?" అంది. ఏమైతదట! నాకు ఒళ్ళు మండింది. కూర్చొని రెండు ముడులూ విప్పేశాను.

"ఒక్కటిగ కట్టు. మనం చిన్నగ కట్టుకుంట పోతే, రేపు తలుపే చిన్నగ కడతరు."

గొణుక్కుంటూనే చీరలన్నీ మళ్ళీ ఒకచోట పేర్చింది. ముడి బిగించడానికి ఆ పిల్ల బలం చాలలేదు. రెండో కొస నేను పట్టుకొని లాగాను.