ఆమె ముందు తిన్న సీతాఫలం

చిల్లంగి, చేతబడి అనేవి లేవని నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్క లేదు. సైన్సు టీచర్ని. కాపురం నర్సీపట్నంలో, ఉద్యోగం ఏజెన్సీ బడిలో. ఎవరికో జబ్బు చేస్తే ఫలానా ముసలమ్మే చేసిందని ఆమెను ఊళ్లోంచి తరమడం కళ్లారా చూశాను. అప్పటినుంచి ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. మైకు దొరికితే వదిలేదాన్ని కాదు. "ఇంట్లో కూడా మీటింగేనా?" అని మా ఆయన ఏడిపించేవాడు.

అలాంటి ఒక మీటింగులో వెనక కూర్చుని విన్న కొండ ముసలమ్మ ఒకామె, వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గంప పెట్టుకుని సీతాఫలాలు అమ్ముతుంది. ఆమెకు చిల్లంగి ఉందని వాళ్ల ఊళ్లో పేరు. అందుకే వాళ్ల వైపు మనుషులెవరైనా కొనడానికి వస్తే, వాళ్లు చూపించిన పండే విప్పి, ముందు తాను ఇంత తిని చూపిస్తుంది. అప్పుడుగాని వాళ్లు గంపలో చెయ్యి పెట్టరు.

మా ఇంట్లో మాత్రం ఆమె అలా తినలేదు. నాలుగు పండ్లు అరుగు మీద పెట్టి, "మీరు సెప్పింది ఇన్నానమ్మా. నా పేనం లేసొచ్చింది. పాపకెట్టండి," అంది. మా ఆరేళ్ల పాప బుగ్గలు నిమిరి వెళ్లిపోయింది. పాప అక్కడికక్కడే ఒక పండు తినేసింది.

సాయంత్రానికి పాప ఒళ్లు కాలిపోయింది. వైరల్ జ్వరమని డాక్టరు చెప్పాడు. బడిలో సగంమంది పిల్లలకు ఉన్నదే, నాకు తెలిసిందే. ఇంటికొచ్చి మందు వేశాను. వేసి, మిగిలిన మూడు పండ్లూ తీసుకెళ్లి వీధి కాలవలో పారేశాను. పాప బుగ్గలు సబ్బు పెట్టి కడిగాను. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి మూడుసార్లు దిష్టి తీశాను. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా లేరు. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా ఆపలేదు.

మూడో రోజుకి జ్వరం తగ్గింది. మందుకే తగ్గిందని నాకు తెలుసు. ఆ మాట పదిసార్లు అనుకోవాల్సి వచ్చింది.

తర్వాతి వారం పాపతో కాంప్లెక్స్ దగ్గర ఆటో దిగితే, ఆమె గంప దగ్గర్నుంచే పిలిచింది.

"ఏటమ్మా, పాప తిన్నాదా? తియ్యగున్నాయా?"

"అన్నీ తినేసింది. చాలా బాగున్నాయి," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. పెద్ద పండొకటి ఏరి పాపకు అందించబోయింది. పాప చెయ్యి చాచింది. నేను ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. లాగాక గాని ఏం చేశానో నాకు తెలియలేదు.

"జలుబు చేసిందమ్మా దానికి," అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, పండు రెండుగా విప్పింది. ఒక సగంలోంచి ఇంత తీసి నోట్లో పెట్టుకుంది. గింజలు అరచేతిలోకి ఊసి, నోరు తెరిచి నాకు చూపించింది. తర్వాత రెండో సగం నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడెట్టండమ్మా," అంది.