బాలింత దయ్యం ఆకలి

మొన్న మా వీధి మొదట్లో రక్తదాన శిబిరం పెట్టారంటే, ఒకప్పుడు నర్సుగా పనిచేసినదాన్ని కదా అని చూడబోయాను. బల్ల మీద పడుకున్న కుర్రవాడొకడు, సూది పట్టుకొని దగ్గరికొచ్చిన అమ్మాయితో "జర తక్కువ తాగుండ్రి మేడం" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎందుకో, ఎన్నో ఏళ్ళ కిందటి మా మేనత్త వాకిట్లోకి వెళ్ళిపోయాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయిన ఆ రోజుల్లో నాకు మెదక్‌లో, సర్కారు దవాఖానలో ఉద్యోగం దొరికింది. ఖిల్లా కింది వీధిలో మా మేనత్త దగ్గరే ఉండేదాన్ని. మామ పోయాక ఆమె బీడీలు చుట్టుకొని బతుకుతూ ఉండేది. మధ్యాహ్నమైతే చాలు, వీధిలోని ఆడవాళ్ళంతా తడిపిన తునికాకు మూటలతో వచ్చి, ఒళ్ళో చాటలు పెట్టుకొని ఆమె వాకిట్లో నీడపట్టున కూర్చునేవారు. రేడియో కూడా పెద్దింటి వస్తువైన కాలం అదని మన ఈడువాళ్ళకు వేరే చెప్పాలా? చేతులు అలుపెరగకుండా ఆడాలంటే చెవులకు ఏదో ఒకటి కావాలి, ఆ వాకిట్లో అది మా మేనత్త కథ.

అన్నింటిలోకీ అందరూ అడిగి మరీ చెప్పించుకునేది రక్తం తాగే దయ్యం కథ. పురిట్లో పోయిన పడుచు మళ్ళీ అత్తింటికి వస్తుంది, ఎవరినీ బెదిరించదు, ఏడవదు, నిద్రపోతున్న మనిషి పక్కన చేరి రోజుకింత రక్తం తాగి పోతుంది, నెల తిరిగేసరికి ఆ మనిషి సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోతుంది. మేనత్త గొంతు పెంచేది కాదు. సరిగ్గా దయ్యం గడప దాటే చోట ఆగి, చేతిలోని బీడీకి తాపీగా దారం చుట్టేది. అది ముడి పడేదాకా ఒక్కరికీ ఊపిరి ఆడేది కాదు. పక్కింటి ముస్లిం పిన్నమ్మ, ఆమెను మేమంతా ఖాలా అనేవాళ్ళం, తమవాళ్ళు చెప్పుకునే చుడేల్ అనే దయ్యం సంగతి చెప్పేది. దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట, అదీ పురిట్లో పోయినదేనట. ఇద్దరి దయ్యాలూ ఒక్క పురిటి మంచం మీది నుంచే లేచాయని ఆ ఆడవాళ్ళు తమలో తాము అనుకొని, మళ్ళీ ఆకు అందుకునేవారు. కొత్తగా చదువుకొని వచ్చిన నాకు మాత్రం ఇదంతా కాలక్షేపంగానే అనిపించేది.

ఆ వాకిటికి వచ్చేవారిలో ఎదురింటి పెద్దమ్మ ఒకరు. ఆమె కొడుక్కి మొదటి భార్య టేక్మాల్ పిల్ల, తొలి కాన్పులోనే పోయింది. రెండో భార్యది కౌడిపల్లి. ఆ ఏడు ఈ పిల్లకు కాన్పయింది, బిడ్డ బాగానే ఉంది కానీ తల్లి రోజురోజుకీ పాలిపోయింది. గోళ్ళు తెల్లబడ్డాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఎవరూ చూడనప్పుడు గోడ మట్టి గిల్లి తినేది. రక్తం తక్కువైందని నాకు చూడగానే తెలిసింది. దవాఖానకు తీసుకురమ్మని వెళ్ళి చెబితే పెద్దమ్మ నా మాట చెవిన పెట్టలేదు.

"నీ సూదులు మాకద్దు బిడ్డా. ఇది రోగం గాదు. ఆ సచ్చినామె వచ్చి తాగుతున్నది."

భూతవైద్యుడు వచ్చి వేపపొగ పెట్టి, పాలు, గుడ్డు, మాంసం ముట్టనివ్వద్దని చెప్పి పోయాడట. బాలింతకు పెట్టేదే కారం మెతుకులు, ఇప్పుడు అవి కూడా సగమయ్యాయి. ఆ పిల్ల పది రోజులు కూడా బతకదని నాకు భయం పట్టుకుంది. ఇంటికొచ్చి మేనత్తతో చెప్పుకొని ఏడ్చాను. ఆమె వింటూ బీడీలకు దారం చుడుతూనే ఉంది.

మర్నాడు సెలవు కావడంతో నేనూ వాకిట్లోనే ఉన్నాను. పెద్దమ్మ కూడా చాట పట్టుకొని వచ్చింది. మేనత్త ఎవరూ అడగకముందే ఆ దయ్యం కథే ఎత్తుకుంది. కానీ ఈసారి కథ ఎప్పటి దారిన పోలేదు. దయ్యం గడప దాటింది, దారం ముడి పడింది, అప్పుడు మేనత్త తలెత్తకుండానే అన్నది:

"అది రక్తం కోసం రాలే. బాలింతప్పుడు పెట్టని బువ్వ కోసం వచ్చింది. పొయ్యి దగ్గర దేవులాడింది, కుండల దేవులాడింది, ఏం దొరకలే. దొరకకుంటె ఏం తాగాలె మరి? ఇంట్ల ఉన్న పిల్లకు కడుపునిండ పెడితె దాని ఆకలి గూడ తీరుతది. దానికి ఇనుమంటె భయం, బాలింత తలకింద కత్తి పెట్టేది గందుకే. ఇప్పుడు దవాఖానల ఇనుముతోని గోలీలు గూడ చేస్తున్నరట."

ఆమె చెప్పిన గోలీల మాట నిజమే, రక్తం పట్టడానికి మేమిచ్చేవి ఇనుము మాత్రలే. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె చేతిలో ఆకు అలాగే ఉంది. టేక్మాల్ పిల్లకు ఆమె ఏం పెట్టిందో, ఏం పెట్టలేదో ఆ వాకిట్లో తెలియనివారు లేరు, అడిగినవారూ లేరు. కాసేపటికి చాట పక్కన పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయింది.

తెల్లవారి దవాఖాన తలుపులు తీసేసరికి పెద్దమ్మ కోడలి రెక్క పట్టుకొని మెట్ల మీద కూర్చొని ఉంది. "ఆ ఇనుప గోలీలు ఇయ్యి బిడ్డా. తిండి నేను పెడత" అన్నది, నా కళ్ళలోకి చూడకుండా. డాక్టరమ్మ సూదులు కూడా వేసింది. చలికాలం వెళ్ళేసరికి ఆ పిల్ల బిడ్డను చంకనేసుకొని బావి నుంచి నీళ్ళు తెచ్చుకుంటుంటే చూసి నాకు కడుపు నిండిపోయింది. ఆ తర్వాత వచ్చిన పెత్రమాసకు, అంటే పోయినవాళ్ళకు బువ్వ పెట్టే అమావాస్యకు, పెద్దమ్మ టేక్మాల్ కోడలి పేరు మీద మాంసం, గుడ్లు, పాలబువ్వ వండి విస్తరి నిండా పెట్టిందని ఖాలా చెప్పింది.

దయ్యం నిజంగా ఉందంటావా అత్తా అని ఒకసారి అడిగాను. "ఉన్నదో లేదో నాకేమెరుక? ఆకలైతె ఉన్నది గద" అన్నది. ఇలాంటి కథలు ఎక్కడ పుట్టాయో, ఎందుకు చావవో ఆనాడు నాకు అర్థమైంది. బతికుండగా నోరు తెరిచి అడగలేకపోయిన ఆడపిల్లకు, పోయాకనైనా అడిగే హక్కును ఆ వాకిళ్ళే ఇచ్చాయి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళను ఎందరినో చూశాను కానీ, ఒక మనిషి తప్పును నలుగురిలో పేరెత్తకుండా, పరువు తీయకుండా ఆ మనిషికే చూపించగలిగినవారిని మా మేనత్త తర్వాత నేను చూడలేదు.

ఇప్పుడు రక్తం తాగేవాళ్ళు సినిమాల్లో కోట్లు తొడుక్కొని, ఎర్రగా బుర్రగా వస్తున్నారు. మనవరాలితో కలిసి నేనూ చూస్తాను, బాగానే ఉంటాయి. కానీ వాళ్ళు ఎవరింటి బిడ్డలో, ఏం దొరకక అలా అయ్యారో ఎవరూ చెప్పరు. మేనత్త కథ నాకు పొల్లుపోకుండా వచ్చు, దారం ముడి వేసే చోటుతో సహా. మా వీధిలో ఇప్పటికీ బీడీలు చుట్టేవాళ్ళున్నారు, ఎవరింట్లో వాళ్ళు, ఎవరి టీవీ ముందు వాళ్ళు. కథ చెబుదామంటే, పదిమంది ఒక్కచోట కూర్చునే మధ్యాహ్నమే దొరకడం లేదు.