చోటు లేదండీ, పొండి

పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటూంటే, విజయవాడలోని మా సంఘం యువకులు ఇద్దరు దగ్గరికొచ్చి, ఈ క్రిస్మస్‌కి మా మామయ్య నాటకం ఒకటి వేద్దామనుకుంటున్నామని, హాస్య నాటకం కాదు, ఆయన రాసిన ఆ ఒకే ఒక్క నవ్వులేని నాటకం కావాలని అడిగారు. సరేనని ఇనప్పెట్టెలోంచి ప్రతి తీసి ఇచ్చాను. అప్పటినుంచి నాకు కుదురు లేదు. పొద్దున్నే డైరీ ముందు కూర్చుని తారీఖు వేసి లేచిపోతున్నాను; సాయంత్రం బందరు కాలవ గట్టున నడక మొదలుపెట్టి సగంలో వెనక్కి తిరుగుతున్నాను. నేనిచ్చిన ప్రతిలో పేజీలన్నీ ఉన్నాయి, అయినా నాటకం మొత్తం ఇచ్చినట్టు అనిపించడం లేదు.

మామయ్య, అంటే మా అమ్మకు అన్నయ్య, ఉయ్యూరు పక్క పల్లెలో మిషన్ బడి మాస్టారు. ఏటా క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో వేయడానికి కొత్త నాటకం రాసేవాడు. కథ అందరికీ తెలిసిందే కనక, అందులో ఎవరూ పట్టించుకోని సత్రం యజమానిని ఆయన పట్టుకున్నాడు. ప్రభువును మోస్తున్న నిండు చూలాలిని గుమ్మంలోంచే తిప్పి పంపిన ఆ మనిషి మామయ్య చేతిలో ఒక ఏడు రైసుమిల్లు ఆసామిలాగా, ఇంకో ఏడు బందరు బస్సు కండక్టరులాగా మాట్లాడేవాడు. ఎలా మాట్లాడినా, తలుపు తట్టినవాళ్లతో చివరికి అనే మాట ఒక్కటే: "చోటు లేదండీ, పొండి!"

ఆ వేషం ఏటా మా బాబాయిదే. పిన్ని భర్త, చక్కెర ఫ్యాక్టరీలో చెరకు కాటా దగ్గర పని. కొన్నేళ్లకి ఏమైందంటే, బాబాయి తలుపు తీసి నోరు విప్పేలోగా ఆ మాట జనమే అరిచేసేవాళ్లు, చాపల మీది పిల్లలనుంచి ప్రహరీ ఎక్కిన కుర్రకారు దాకా. బాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని, మరి నేనెందుకొచ్చినట్టు అన్నట్టు చూసేవాడు. అదొక ఆచారమైపోయింది. బస్సు నిండినా, పెళ్లి బంతిలో విస్తరి దొరక్కపోయినా మా ఊళ్లో అదే మాట.

నేనప్పుడే కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. వేషాలకి పనికిరానని తేలాక, తడబడకుండా చదువుతానని పక్కతెర వెనక మాట అందించే పని ఇచ్చారు. నా వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, వేదిక మధ్య ఒక్కటే మైకు తాడుకి వేలాడేది. రాజైనా దొంగైనా రహస్యం చెప్పుకోవాలంటే దాని కిందకే రావాలి. మా వేదిక చెరకు తోలే ట్రక్కులు జతచేసి వాటిమీద పరిచిన బల్లలు, గట్టిగా నడిస్తే ఊగేది. మామయ్య ఏనాడూ కూర్చుని నాటకం చూడలేదు. జనం వెనక అటూ ఇటూ తిరిగేవాడు. చావింటికి పలకరింపుకి వెళ్లినా తనను చూసి జనం నవ్వుమొహం పెడుతున్నారన్న బాధ ఆయనలో ఉండేది.

ఆ బాధలోంచే ఈ నాటకం పుట్టింది. ఆ యజమాని ముసలివాడవుతాడు. తను తిప్పి పంపింది ఎవరినో ఆలస్యంగా తెలిసి, ఒక గది ఎవరికీ ఇవ్వకుండా ఊడ్చి దీపం పెట్టి ఉంచుతాడు. చివర్న వానలో ఒక ముసలమ్మ వచ్చి తలుపు తడుతుంది. ఆ యజమాని వేషం తనకే కావాలని బాబాయి పట్టుబట్టాడు.

"నీ మొహానికి రంగేస్తేనే నవ్వుతారయ్యా జనం. దీనికి నువ్వొద్దు," అన్నాడు మామయ్య.

"ఒక్కసారి నన్ను మనిషిలా నిలబడనివ్వండి బావగారూ. పాడైతే వచ్చే ఏడు గొర్రె వేషం కడతాను."

"దానికి మళ్లీ వేషమెందుకులెండి," అంది పక్కనుంచి పిన్ని.

అందరం నవ్వాం; ఆ నవ్వులో మామయ్య మెత్తబడ్డాడు.

ఆ ఏటి క్రిస్మస్ సాయంత్రం వేదిక మీదికి బాబాయి రాగానే జనం నవ్వారు గాని, పోనుపోను సద్దుమణిగారు. చివరి రంగంలో ముసలమ్మ వేషంలో ఉన్న మా అక్కయ్య తలుపు తట్టి, "చోటుందా బాబూ?" అంది. నా చేతిలోని కాగితం మీద బాబాయి మాట: "ఉందమ్మా, రా." అంతలో ఆవరణంతా ఒక్క గొంతుతో "చోటు లేదండీ, పొండి!" అని అరిచి విరగబడి నవ్వింది. రిహార్సల్స్‌లో అన్నీ సరిచూసుకున్నాం. ఇన్నేళ్లుగా జనానికి మేమే నేర్పిన ఆ మాటొక్కటే మరిచాం.

నేను మాట అందించాను. బాబాయి అందుకోలేదు. నడుం మీద చేతులూ పెట్టలేదు. తలుపు పట్టుకుని జనాన్నే చూస్తూ నిలబడ్డాడు. నవ్వు ముందు చాపల మీద ఆగింది, తర్వాత బెంచీల మీద, ఆఖరికి ప్రహరీ మీద. అప్పుడు మైకు కిందకి రాకుండా గడప దగ్గరనుంచే, "అలాగే అన్నానమ్మా అప్పుడు. ఇప్పుడుంది, రా," అన్నాడు. మొదటి ముక్క మామయ్య రాసింది కాదు. మైకులో పడకపోయినా గేటు దాకా వినబడింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. ఆనాటి డైరీలో వాన లేదని, జనం బాగా వచ్చారని రాసుకున్నాను గాని, ఆ తర్వాతి మౌనం గురించి రాయడం నాకు చేతకాలేదు.

మామయ్య మాత్రం అక్కడ లేడు. జనం అరిచిన క్షణానే గేటు దాటి వెళ్లిపోయాడు. రంగు కడుక్కోకుండా బాబాయి, వెనకే నేను, వెతుక్కుంటూ వెళితే కాలవ వంతెన మీద పచార్లు చేస్తున్నాడు.

"ఏడ్చారండీ బావగారూ. ఒట్టు. మా ఆవిడ కూడా ఏడ్చింది."

"సరేలేవయ్యా. నా మొహం చూడలేక చెబుతున్నావు," అన్నాడు మామయ్య.

తర్వాత ఊరంతా చెప్పినా ఆయన నమ్మలేదు. మళ్లీ ఏటినుంచి నవ్వు నాటకాలే రాశాడు. దీన్ని మాత్రం పోయేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నిన్న రిహార్సల్‌కి పిలిస్తే వెళ్లాను. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, ఎవరి కాలరుకి వాళ్ల మైకు. పిల్లలు బాగా చేస్తున్నారు. బాబాయి అన్న ముక్కను ప్రతిలో పెన్సిలుతో చేర్చి ఇచ్చాను. యజమాని వేషం వేసే అబ్బాయి, "అలాగే అన్నానని ఎవరితో అంటున్నాడండీ అంకుల్?" అని అడిగాడు. అంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆ అరుపు రికార్డు చేసి స్పీకర్లో పెట్టేద్దామండీ," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ అరుపు ఒక ఊరు ఏటా ఒకేచోట కూర్చుని నవ్వి నవ్వి సంపాదించుకున్నది. దాన్ని ఏ స్పీకర్లోంచి తెస్తాం? వద్దన్నాను.

మళ్లీ మొదలుపెట్టారు. తలుపు చప్పుడైంది. ముసలమ్మ చోటు అడిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ కదల్లేదు, దగ్గలేదు. ఆనాడు మామయ్య కోరుకున్నది సరిగ్గా ఆ నిశ్శబ్దమే. నేను మాత్రం కుర్చీ అంచున కూర్చుని, ఎవరైనా అరుస్తారేమోనని వెనక్కి తిరిగి చూశాను.