కింది ఫ్లాట్ సర్దార్జీ ఇచ్చిన మాట

మా ఇంట్లో సిగరెట్ ముందు మానేసింది మా ఆయన. బీపీ ఉందని డాక్టరు బెదిరిస్తే ఆ సాయంత్రమే మానేశాడు. అప్పట్నుంచి మొగుడి స్థానంలో ఒక స్వామీజీ వచ్చి కూర్చున్నాడు. పొద్దున కాఫీతో పాటు ఊపిరితిత్తుల మీద ఒక ప్రవచనం, రాత్రి పెరుగన్నంతో పాటు గుండె మీద ఇంకొకటి. భక్తురాలిని నేనొక్కదాన్నే. ఎందుకంటే ఇంట్లో ఇంకా తాగుతున్నది నేనే.

ఆడది సిగరెట్ తాగడమేమిటి అని మీకు అనిపిస్తే, తెలిస్తే మా అత్తగారూ అదే అనేవారు. తెలియకుండా చూసుకున్నాం. నేను నేర్చుకున్నది ఢిల్లీలో, మునిర్కాలో, పెళ్ళికి ముందు. గుంటూరు నుంచి వచ్చి, కిటికీ లేని గదిలో మరో ఇద్దరమ్మాయిలతో ఉంటూ సివిల్ సర్వీసు పరీక్షలకి చదివేదాన్ని. పెద్ద పరీక్ష ఎన్నిసార్లు రాసినా రాలేదు. చిన్న పరీక్ష ఆలస్యంగా వచ్చింది. సిగరెట్ మాత్రం మొదటి ప్రయత్నంలోనే వచ్చేసింది. ఆ చిన్న పరీక్ష పుణ్యమా అని కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, ఆర్.కె. పురంలో క్వార్టరు, దానికి ఒక బాల్కనీ. ఆ బాల్కనీకి ఎదురుగా మా ఆయన పై ఆఫీసరావిడ ఉండేది కాబట్టి అక్కడ బట్టలారేయడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

నా స్నేహితురాలు పరిచయమైంది ఒక ఉగాది ఫంక్షన్లో. స్టేజీ మీద పంచాంగం చదువుతున్నారు. నా రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో తేలేలోగా ఒక దమ్ము లాగి వద్దామని హాలు వెనక జనరేటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ అప్పటికే ఒకామె నిలబడి ఉంది. గద్వాల పట్టుచీర, జడలో మల్లెలు, వేళ్ళ మధ్య వెలిగించని సిగరెట్. నన్ను చూసి కంగారుగా చెయ్యి కొంగులో దాచుకుంది. నా చేతిలో పెట్టె చూశాక బయటికి తీసింది.

"అగ్గిపెట్టె ఉన్నదా అక్కా?" అంది.

అంతే, అక్కనైపోయాను. ఆమెది హనుమకొండ. గుర్గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. భర్త ఉద్యోగం బెంగళూరులో, పండక్కో పబ్బానికో వస్తాడు. వసంత్ కుంజ్‌లో అద్దె ఫ్లాటు, తొమ్మిదో క్లాసు చదివే కూతురు, కూతుర్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన తల్లి. అమ్మమ్మ తెలుగులో అడిగినదానికల్లా ఆ పిల్ల హిందీలో జవాబు చెప్తుంది. అమ్మమ్మ ఆ హిందీకి తెలంగాణ హిందీలో తిరుగు జవాబు చెప్తుంది. మధ్యలో నా స్నేహితురాలు ఇంగ్లీషులో ఆఫీసు కాల్ మాట్లాడుతూ ఉంటుంది.

శనివారం పొద్దున్నే మేం కలిసేవాళ్ళం. మార్కెట్ వెనకాల ఆమె కారు ఆపేది, అద్దాలు కాస్త దించుకుని ఇద్దరం ముట్టించేవాళ్ళం. ఆ కారులో మేం పరిష్కరించని సమస్య లేదు. పనిమనిషి నాగాలు, నా ప్రమోషను, ఆమె బాసు, వాళ్ళాయన ఫోన్లో "ఇంకేంటి" తప్ప ఏమీ మాట్లాడకపోవడం, మా అబ్బాయి లెక్కల మార్కులు. అన్నిటికీ పరిష్కారాలు దొరికేవి. ఇంటికెళ్ళి అమలు చేసింది మాత్రం ఒక్కటీ లేదు. దీపావళి తర్వాత ఆకాశం బూడిదలా దిగినప్పుడు, ఊరంతా మాస్కులు కట్టుకుంటే మేం నవ్వుకునేవాళ్ళం. వీళ్ళంతా ఉచితంగా పీలుస్తున్నదాన్ని మనం కొనుక్కుని పీలుస్తున్నాం కదా అని.

గొడవ ఆమె బాల్కనీలో మొదలైంది. పొద్దున తల్లి పూజలో ఉండగా బాల్కనీలో నిలబడి ఒకటి కానిచ్చేసేది. అగరొత్తుల వాసనలో ఇది కలిసిపోతుందని ఆమె ధీమా. తల్లి ముక్కు ఆ ధీమాని లెక్కచేయలేదు.

"పొగంతా మనింట్లకే వస్తున్నది. కింద ఆ ముసలాయన పొద్దుగాల్నే లేచి తాగుతున్నడు," అని తేల్చేసింది పెద్దావిడ.

కింది ఫ్లాట్ ముసలాయన సర్దార్జీ. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. తెల్లగడ్డం, ఇస్త్రీ చేసిన తలపాగా, రోజూ పొద్దున గురుద్వారాకి నడిచి వెళ్ళొస్తాడు. సిక్కులు పొగాకు ముట్టరని ఢిల్లీలో పసిపిల్లలకి కూడా తెలుసు. హనుమకొండ నుంచి వచ్చిన పెద్దావిడకి తెలియదు. నా స్నేహితురాలికి తెలుసు. చెప్తే తల్లి మరుసటి అనుమానం ఎవరి మీదికి వస్తుందో కూడా తెలుసు. అందుకని నోరు మూసుకుంది.

ఒకరోజు ఈమె ఆఫీసులో ఉండగా పెద్దావిడ మెట్లు దిగి వెళ్ళి ఆయన తలుపు కొట్టింది. "క్యా జీ, తుమ్ సిగరెట్ పీతే, హమారే ఘర్ మే ధువా ఆతా. ఘర్ మే బచ్చీ హై" అని, మీ సిగరెట్ పొగ మా ఇంట్లోకి వస్తోంది, ఇంట్లో చిన్నపిల్ల ఉందని కడిగేసింది. ఆయన భార్య నోరు తెరవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడట. రెండు చేతులూ జోడించి, "గల్తీ హో గయీ బెహన్‌జీ. ఆగే సే నహీ హోగా," అన్నాడట. తప్పయిపోయింది, ఇకమీదట జరగదు అని.

సాయంత్రం ఇంటికి రాగానే తల్లి విజయగర్వంతో ఇదంతా చెప్పింది. "మంచిగ అడిగితే ఒప్పుకున్నడు. పాపం, మంచోడే," అంది.

నా స్నేహితురాలు చెప్పులు కూడా విప్పకుండా కిందికి పరిగెత్తింది. బెల్లు కొట్టి గుమ్మంలో నిలబడితే ఆయనే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కోప్పడలేదు. హిందీలో నెమ్మదిగా అన్నాడు: "మీ అమ్మగారికి మాటిచ్చాను బేటీ, ఇక పొగ రాదని. ఆ మాట నిలబెట్టడం మాత్రం నా చేతుల్లో లేదు."

ఆమె కారులో కూర్చుని నాకు ఫోన్ చేసింది. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ముక్కు చీదుకుని, "జిందగీల ముట్టుకోని మనిషి అక్కా. నా కోసం తాగుతనని ఒప్పుకున్నడు. నేనింక మానేస్త," అంది.

"మానేయి," అన్నాను. నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా, చెప్పాను. ఫోన్ పెట్టేశాక నాకు దిగులు పట్టుకుంది. ఇది మానేస్తే నేనెవరితో తాగాలి? ఒక్కదాన్నే జనరేటర్ల వెనక నిలబడే వయసు దాటిపోయింది. కాబట్టి నేనూ మానేశాను. ఊపిరితిత్తుల కోసం, కుటుంబం కోసం మానేసేవాళ్ళుంటారు. నేను కంపెనీ పోతుందని మానేశాను.

ఒప్పందం ఏమిటంటే, తాగాలనిపించినప్పుడు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. ఎక్కడున్నా ఎత్తాలి. మొదటి వారాల్లో మా ఫోన్లు అన్నం కూడా తిననీయలేదు. నేను మీటింగులో ఉంటే మోగేది. "ఎక్స్‌క్యూజ్ మీ సర్, ఇంటి నుంచి" అని వరండాలోకి వెళ్ళేదాన్ని.

"అక్కా, నా టీంల పిల్లగాడొకడు ప్రతి మాటకి 'బేసికల్లీ' అంటున్నడు. కొట్టాలనిపిస్తున్నది."

"సోంపు నములు."

"నమిలి నమిలి దవడలు గుంజుతున్నయ్."

"అయితే వాణ్ణి కొట్టు."

ఆమె ఒకసారి మీటింగులో వాడితో "బేసికల్లీ నువ్వు నోరు మూసుకో" అనేసింది. నేను ఆఫీసులో ఒక ఫైలు మీద రాయకూడని మాట రాసి, మళ్ళీ దాని మీద తెల్ల సిరా పూశాను. నువ్వుల చిక్కీ, వేయించిన శనగలు, వాము, జామకాయలు, ఏది దొరికితే అది నోట్లో వేసుకున్నాం. నా జాకెట్లు బిగుసుకున్నాయి. శనివారాలు కారు మానేసి పార్కులో నడవడం మొదలెట్టాం. కారులో కూర్చున్నప్పుడు ఎంత తెలివిగా మాట్లాడేవాళ్ళమో, నడుస్తుంటే అంత చప్పగా ఉండేది. రెండు చుట్లకే ఆయాసం వచ్చేది, ఆ ఆయాసంలో వాళ్ళాయన్ని తిట్టడం కుదిరేది కాదు.

ముందు జారింది నేను. ఫైలు పెట్టడం, నోట్ రాయడం నేను చేయి పట్టి నేర్పిన కుర్రాడు నాకు పై అధికారిగా వచ్చాడు. మొదటిరోజే నన్ను పిలిచి, నేను నేర్పిన ఫార్మాట్‌నే నాకు వివరించాడు. బయటికొచ్చి ఆఫీసు వెనక మెట్ల మీద, డ్రైవర్ దగ్గర ఒకటి అడిగి తీసుకుని తాగేశాను. ఫోన్ చేయలేదు.

ఆ శనివారం పార్కులో నా ముఖం చూసి పట్టేసింది. "తాగినవ్ గదా."

"ఒక్కటే."

"నన్ను పిల్వకుండనా?" తాగినందుకు కాదు, పిలవనందుకు కోపం. చరచరా నాలుగడుగులు వేసి, "ఎట్లుండె?" అని అడిగింది.

"చప్పగా ఉంది."

"అబద్ధం."

"అమృతంలా ఉంది," అన్నాను. "మెట్ల మీద కళ్ళనీళ్ళు వచ్చాయి."

ఆమె బెంచీ మీద కూర్చుంది. ఆ కుర్రాడి గురించి మొత్తం చెప్పించుకుంది. నడక ఎలా ఉంటుంది, ఎలా మాట్లాడతాడు, టై ఎలా కడతాడు, అన్నీ. చివరికి వాణ్ణి తెలంగాణ యాసలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను కానీ, ప్రమోషన్ వచ్చినా నాకంత తృప్తి ఉండేది కాదు. "ఇంకోసారి తాగాలనిపిస్తే గా తిట్లు గుర్తుతెచ్చుకో," అంది. కొన్నాళ్ళు నిజంగానే వాటితోనే గడిపాను.

చలి ముదిరాక ఆమె వంతు వచ్చింది. ఆమె కంపెనీలో టీము టీమంతా తీసేశారు. ఆమె చేతే ఆ "బేసికల్లీ" పిల్లాడికి చెప్పించి, ఆ తర్వాతి కాల్‌లో ఆమెకి చెప్పారు. మధ్యాహ్నం వేళ ఆటోలో సరాసరి మా క్వార్టరుకి వచ్చింది. కారు నడిపే ఓపిక లేదంది. నేను సెలవులో ఉన్నాను, మా ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాడు. తలుపు తీసింది ఆయన.

ఆమె సోఫాలో కూలబడి చెప్పింది ఒక్కటే. "బావా, నాకు సిగరెట్ కావాలె."

స్వామీజీకి ఇంతకంటే మంచి శిష్యురాలు ఎక్కడ దొరుకుతుంది? ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా, నికోటిన్ అనేది..." అని మొదలుపెట్టాడు. రక్తనాళాల దాకా వచ్చేసరికి ఆమె ఏడవడం మొదలెట్టింది. మామూలు ఏడుపు కాదు. వాళ్ళమ్మ ముందు, కూతురి ముందు ఏడవలేక దాచుకున్నదంతా మా సోఫాలో పోసేసింది. ఇంటి అద్దె, పిల్ల స్కూలు, "ఇంకేంటి" అనే మొగుడు. ఆయనకి ఫోన్ చేస్తే "సాయంత్రం మాట్లాడతా" అన్నాడట. నేను ఆమె పక్కన కూర్చుని వీపు నిమురుతున్నాను. మా ఆయన రక్తనాళాలు మధ్యలో వదిలేసి లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చాడు. ఆమె తాగలేదు.

ఇంతలో గుమ్మం దగ్గర చప్పుడైంది. చూస్తే ఆయన చెప్పులేసుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"పోనీ ఒక్కటి తెచ్చిపెడతాలే. ఈ ఒక్కరోజుకి ఏం కాదు," అన్నాడు, మా ఇద్దరి వైపూ చూడకుండా.

"ఏమక్కర్లేదు" అని నేనూ, "వద్దు బావా" అని ఆమె ఒకేసారి అన్నాం. ఆయన ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకుండా నిలబడిపోయాడు. ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ ప్రవచనాల్లో ఆయన మా ఇద్దరికీ చేసిన మేలు అదొక్కటే. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే, "టీపొడి తేవడానికి వెళ్తున్నాను" అంటాడు.

ఆ సాయంత్రం ఆయన అట్లు వేశాడు. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. ఆమె అన్నీ తినేసి, ఆటోలో ఇంటికెళ్ళి తల్లికి సంగతి చెప్పింది. తల్లి ఆమె తలకి నూనె రాసి పడుకోబెట్టిందట.

ఉద్యోగం దొరకడానికి ఎండాకాలం దాకా పట్టింది. నోయిడాలో, మునుపటి కంటే చిన్న ఉద్యోగం. ఈలోగా ఇంటర్వ్యూలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నాకు ఫోన్ చేసేది. మధ్యలో ఆమె కూడా జారింది. రెండుసార్లని ఆమె చెప్పింది, నేను నమ్మలేదు, అలాగని గుచ్చి అడగనూ లేదు. ఒక్క విషయం మాత్రం నమ్ముతాను, బాల్కనీలో ఎప్పుడూ తాగలేదు. భర్త ఇంకా బెంగళూరులోనే ఉన్నాడు. వాళ్ళ మధ్య ఏమీ బాగుపడలేదు, చెడిపోలేదు కూడా. ఇల్లు నోయిడాకి మార్చుకున్నారు. శనివారాలు నెలకోసారి అయ్యాయి. నాకు ప్రమోషన్ రాలేదు. దగ్గు తగ్గింది. జాకెట్లు కొత్తవి కుట్టించుకున్నాను.

మానేశాక అంతా తేలిగ్గా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మొన్నామధ్య ఆఫీసు నుంచి మెట్రోలో వస్తుంటే పక్కన ఒకాయన నిలబడ్డాడు. చొక్కా నిండా పొగ వాసన. అప్పుడే తాగి ఎక్కాడు. జనం తోసుకోకపోయినా నేనే కాస్త దగ్గరికి జరిగాను. నా స్టేషన్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆయన దిగాక తర్వాతి స్టేషన్లో దిగి, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆమెకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"ఏ బ్రాండు?" అంది.

చెప్పాను. అటువైపు కుక్కర్ కూత వినిపించింది.

"సరే," అంది చివరికి. "బిడ్డ సైన్స్ వద్దంటున్నది, ఆర్ట్స్ తీసుకుంటదట. ఏం జేద్దాం చెప్పు."

వెనక్కి, మా స్టేషన్ వైపు వెళ్ళే రైలు కోసం నడుస్తూ ఆలోచించడం మొదలుపెట్టాను.