పిట్ట గుర్తు కుర్చీలు

మా బాబాయిగారు తాను కూర్చుని నవ్వని కుర్చీని గడప దాటనివ్వరు. ఈ ఒక్క మాటతో ఆయన గురించి సగం చెప్పేసినట్టే. మిగతా సగం ఆ కుర్చీల అడుగున ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు, కుర్చీలు చేసే కార్ఖానా యజమాని. అక్కడ పనిచేసే పదహారుమందీ ఆయన్ని బాబాయి అని, ఆయన భార్యని పిన్ని అని పిలుస్తారు. చేరిన కొత్తలో నేను 'సార్' అనేదాన్ని. అలా పిలిచినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవారు. రెండు రోజులు చూసి నేనూ బాబాయిగారిలోకి దిగిపోయాను.

కుర్చీ తయారయ్యాక ఆయన ముందు నిండుగా కూర్చుంటారు. తర్వాత వెనక్కి వాలతారు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా, పక్క వీధి కుక్కలు లేచి మొరిగేలా నవ్వుతారు. మనిషి ఊరికే కూర్చుంటే కుర్చీ విరగదట, నవ్వినప్పుడే విరుగుతుందట. ఆ నవ్వుకి కుర్చీ కిర్రుమనకుండా నిలబడితే దాన్ని తిరగేసి, చెవిమీద ఎర్ర పెన్సిల్ తీసి, అడుగున చిన్న పిట్ట బొమ్మ వేస్తారు. ఒక వంపు, ఒక చుక్క, ఒంటికి మించిన తోక. పిట్ట వాలిన కుర్చీ మాత్రమే బండి ఎక్కుతుంది.

ఈ సిద్ధాంతం ఎలా పుట్టిందో పిన్ని చెప్పారు. కుర్రతనంలో బాబాయి తన చేత్తో చేసిన మొట్టమొదటి కుర్చీని మావగారికి కానుకగా మోసుకెళ్ళారట. మావగారు మొహమాటపడి నువ్వే కూర్చో అన్నారట. ఈయన కూర్చున్నారు. మావగారు ఏదో చమత్కారం విసిరారు. ఈయన నవ్వారు. తర్వాత చూస్తే కుర్చీ నాలుగు ముక్కలు, అల్లుడు ఒక ముక్క. ఆనాటి నుంచి ఆయన ఏ కుర్చీలో నవ్వినా ఆ సంగతే తలచుకుని నవ్వుతారు, కొత్త హాస్యం కోసం వెతుక్కోరు.

ఈ అలవాటు కార్ఖానాకే పరిమితమై ఉంటే బాగుండేది. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ తిరగేసి చూడందే కూర్చోరు. కాఫీ తెచ్చిన ఇల్లాలికి ముందుగా కనిపించేది నాలుగు కాళ్ళూ పైకెత్తిన తన కుర్చీ, దాని వెనకాల ఈయన తల. పళ్ళ డాక్టరు కుర్చీలో వాలి, నోరు తెరవమనగానే ఆ పెద్ద నవ్వు నవ్వారు. డాక్టరు చేతిలో పనిముట్టు పక్కన పెట్టి, ఇంకో మంచి డాక్టరు చిరునామా రాసిచ్చాడు.

నెలకి ఇరవై కుర్చీలు అమ్ముకునే రోజుల్లో ఇదంతా సరదాగానే సాగింది. వ్యాపారం పెరిగి నెలకి రెండొందలు దాటేసరికి బాబాయిగారు పొద్దున్నుంచి సాయంత్రందాకా నవ్వుతూనే ఉండాల్సివచ్చింది. దవడలు వాచాయి, గొంతు పోయింది. కలప కొనేవాళ్ళు లేరు, ఆర్డర్లు చూసేవాళ్ళు లేరు. చివరికి పిన్ని తీర్పు చెప్పారు: "ఒక మనిషిని పెట్టుకోండి. ఈ కుర్చీల్లో కూర్చోడానికి కాదు, మీ కుర్చీలో కూర్చోడానికి."

అలా ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. లోపల బల్ల ముందు వేసిన కుర్చీకి కావాలనే ఒక కాలు పొట్టిగా కోయించారట. నా ముందు వెళ్ళిన పెద్దమనిషి పెద్ద పెద్ద కంపెనీల్లో చేసి వచ్చాడు. అరగంటసేపు ఆ కుర్చీలో ఉయ్యాల ఊగుతూనే, అంతా సౌకర్యంగా ఉందన్నాడు. ఇంకొకాయన మంచి కుర్చీ తెప్పిస్తేనే మాట్లాడతానన్నాడు. నాకు ఇవేవీ తెలియవు. కూర్చున్నాను, కుర్చీ ఊగింది. లేచాను. చేతిలో ఉన్నది నా బయోడేటా ఒక్కటే. దాన్ని నాలుగు మడతలు పెట్టి పొట్టి కాలికింద దోపి, మళ్ళీ కూర్చుని, ఇప్పుడు చెప్పండి అన్నాను.

ఆయన కిందికి వంగి చాలాసేపు ఆ మడతనే చూశారు.

"ఇన్ని బయోడేటాలు చూశానమ్మాయ్. చదవకముందే పనికొచ్చింది ఇదొక్కటే. రేపట్నుంచి రా."

అలా నేను ఆయనకి కుడిభుజాన్నయ్యాను. ఆయన ఒక పని అప్పగిస్తే నిజంగానే అప్పగించేవారు. కలప ఎక్కడ కొనాలో, ఎవరికి సెలవివ్వాలో, ఏ ఆర్డరు వద్దనాలో అంతా నేనే చూసుకునేదాన్ని. ఎవరైనా నా తల మీదుగా ఆయన దగ్గరికి వెళితే, అది అమ్మాయి కుర్చీ, నేను కూర్చోను అని తిప్పి పంపేవారు. ఒకసారి నేను కొన్న కలప పచ్చిగా ఉందని తేలినా, మరుసటి వారం కలప కొనడానికి నన్నే పంపారు. ఆ ధైర్యంతోనే ఆరు నెలల్లో నేను కార్ఖానా నడక మార్చాను.

కూర్చుని నవ్వే పని మాత్రం ఆయన వదల్లేదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. కొన్నవాడికి లేని బాధ మనకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను. అంతటితో ఊరుకోక, ఆ పిట్ట బొమ్మ వట్టి గొప్ప కోసమే కదా అని కూడా అన్నాను. ఆయన కోప్పడలేదు. పెన్సిల్ చెవిమీద సర్దుకుని, తర్వాతి కుర్చీలోకి వెళ్ళి నవ్వారు.

అప్పుడే కొత్తగా కట్టిన సభాభవనం నుంచి రెండొందల నలభై కుర్చీల ఆర్డరు వచ్చింది. సోమవారం ప్రారంభం. ఆ యాజమాన్యమే ఇంకో రెండు భవనాలు కడుతోంది. ఈ పని మెప్పిస్తే ఆ రెండూ మనవే, రెండో షెడ్డు వేసుకోవచ్చు, ఇంకో ఎనిమిదిమంది వడ్రంగులకి పని దొరుకుతుంది. తేడా వస్తే పదేళ్ళ పేరు పోతుంది.

బాబాయిగారు నూట ఎనభయ్యో కుర్చీలో నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయారు. నడుం పట్టేసింది. లేవలేరు, వాలలేరు. కుర్చీతో సహా ఇంటికి మోసుకెళ్ళాం. డాక్టరు పది రోజులు మంచం దిగొద్దన్నాడు. నేను గుమ్మం దాటబోతుంటే బాబాయిగారు పిలిచి, మిగిలిన అరవైకీ నువ్వే పెద్ద, నవ్వడం మాత్రం మర్చిపోకు అన్నారు. పెన్సిల్ ఆయన చెవిమీదే ఉండిపోయింది.

అది వానలు పడుతున్న వారం. గాలి తడిగా ఉంది, అతుకుల్లో జిగురుకి రెండు రోజులు ఆరనివ్వాలని పెద్దమేస్త్రి అన్నాడు. నిదానమే ప్రధానం అని కూడా అన్నాడు. ఆలస్యం అమృతం విషం అని నేనన్నాను. సామెతకి సామెత చెల్లు, పైగా పెద్దను నేను. ఒక్క రోజే ఆరనిచ్చి, వడ్రంగుల్ని ఒక్కో కుర్చీలో కూర్చోబెట్టి లేపేసి, గడువు శనివారమైతే రెండు రోజుల ముందే, గురువారమే అరవై కుర్చీలూ పంపేశాను. నవ్వులకి ఒక పూట వృథా అని వాటిని మానిపించాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "నవ్వారా?" అన్నారు బాబాయిగారు.

"నవ్వాం బాబాయిగారూ" అనేశాను. సరేనమ్మాయ్ అని ఆయన ఫోన్ పెట్టేశారు.

శుక్రవారం పొద్దున్న భవనం మేనేజరు ఆ కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని బావమరిదితో ఫోన్లో మాట్లాడాడట. బావమరిది ఏదో అన్నాడు, ఈయన నవ్వాడు, కుర్చీ వెనక కాలు ఊడింది. ఆ కబురు ముందు బాబాయిగారింటికి వెళ్ళి, నాకు అందేసరికి తొమ్మిదయింది. పెద్దమేస్త్రిని వెంటబెట్టుకుని పరుగెత్తాను.

తప్పు నాదేనని చెప్పడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. మేనేజరు నన్ను నోరు తెరవనివ్వలేదు.

"ఎవరి తప్పో తేలిపోయిందిలెండి. మీ పెద్దాయన గంట ముందే వచ్చి ఒప్పుకున్నారు. అరవైలోనూ తానే కూర్చుని చూసి పంపారట, అడుగున ఆయన గుర్తు కూడా చూపించారు. పెద్దవారయ్యారు కదా, చూపు ఆనలేదేమో. మిగతా భవనాల సంగతి ఆలోచించుకోవాలి."

ఊడిన కుర్చీని తిరగేశాను. పొడుగు తోకతో ఎర్రటి పిట్ట. ఆ కుర్చీ తయారైనప్పుడు ఆయన మంచం మీద ఉన్నారు.

హాల్లోకి వెళితే చివరి వరసలో కుర్చీల కింది నుంచి రెండు పాదాలు బయటికి కనిపించాయి. నడుం వంచలేక బాబాయిగారు నేలమీద వెల్లకిలా పడుకుని, కారు బాగుచేసేవాడిలా కుర్చీ కిందికి జరుగుతూ పిట్టలు వేస్తున్నారు. పక్కన గొడుగు పట్టుకుని పిన్ని లెక్క చెబుతున్నారు: "నలభై రెండు."

నన్ను చూసి ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. "అప్పుడే వచ్చేశావేం? ఇంకా పద్దెనిమిది ఉన్నాయి."

మీరు కూర్చోని కుర్చీలకి పిట్టలెందుకని అడిగితే ఆయన ఇంకో కుర్చీ కిందికి జరిగారు. పెద్దమేస్త్రి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. తొమ్మిదేళ్ళ కింద తాను చేసిన కుర్చీ ఒకటి విరిగిందట. కొన్నవాళ్ళు మనుషుల్ని వేసుకొచ్చి, దీన్ని చేసినవాడెవడో చూపించమని కేకలేశారట.

"నేను తలుపు చాటున దాక్కున్నానమ్మా. బాబాయి కుర్చీ తిరగేసి, ఆ పిట్టని చూపించి, ఇదిగో వీడే, పంపింది నేనే, నన్ను తిట్టండి అన్నాడు. ఇన్నేళ్ళలో మాలో ఒక్కడు కూడా బయటివాళ్ళ చేత మాట పడలేదు. ఆ పిట్ట ఉన్నది అందుకే."

గొప్ప కోసమే కదా అని ఆయన మొహం మీదే అన్న మాట గుర్తొచ్చి నాకు తల తీసేసినట్టయింది. సిగ్గుపడుతూ నిలబడితే మాత్రం ఆయన పేరు తిరిగిరాదు. తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

"ఆ కుర్చీలు పంపింది నేను. జిగురు ఆరకముందే పంపాను. అప్పుడాయన మంచం మీద ఉన్నారు. ఆ పిట్టలు ఈ పొద్దున్న పుట్టినవి, కావాలంటే వేలితో రుద్ది చూడండి."

మేనేజరు రుద్ది చూశాడు. వేలు ఎర్రబడింది. ఆ వేలిని, నన్ను, దూరంగా కదులుతున్న రెండు పాదాల్ని మార్చి మార్చి చూశాడు. తప్పు నాది కాదు అనేవాళ్ళతోనే తన ఉద్యోగమంతా గడిచిందని, నాదంటే నాదని పోటీపడేవాళ్ళని ఇదే చూడటమని అన్నాడు. ఆదివారం రాత్రి దాకా గడువిచ్చాడు.

అరవై కుర్చీలూ వెనక్కి తెచ్చాం. శుక్రవారం సాయంత్రానికల్లా ప్రతి అతుకూ విప్పి, పాత జిగురూ పొద్దుటి పిట్టలూ గీకి, కొత్త జిగురు పూసి బిగించాం. షెడ్డు తలుపులు మూసి, ఉన్న ఫ్యాన్లన్నీ తిప్పి, రెండు రోజులు వాటిని ముట్టుకోకుండా కూర్చున్నాం. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

ఆదివారం సాయంత్రం బాబాయిగారిని మంచంతో సహా తెచ్చి షెడ్డులో వేశాం. నేను మొదటి కుర్చీలో కూర్చుని, వాలి, నవ్వాను. అది నవ్వు కాదు, దగ్గు అన్నారాయన. పది కుర్చీల దాకా దగ్గాను. పదకొండో దాంట్లో, ఈ పెద్దమనిషి కుర్చీల కింద పాకుతూ, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి అన్న ముఖం గుర్తొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆపడమే కష్టమైంది. ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు.

ఆయన చెవిమీద పెన్సిల్ తీసి నా చేతికిచ్చారు. ఎంత జాగ్రత్తగా వేసినా నా పిట్ట బల్లిలాగే వచ్చింది. వడ్రంగులందరూ మూగి చూశారు. బాబాయిగారు కూడా తల అటూ ఇటూ తిప్పి చూసి, బల్లే అని తేల్చి, ఫర్వాలేదు, అది కూడా గట్టిగా పట్టుకునే ప్రాణే అన్నారు.

ఇప్పుడు మాకు రెండు షెడ్లు, ఇరవై నాలుగుమంది వడ్రంగులు. ఒక షెడ్డులో పిట్టలు, ఒక షెడ్డులో బల్లులు. మొన్న ఒకావిడ చెయ్యి విరిగిన కుర్చీ పట్టుకొచ్చి, దీన్ని చూసి పంపిన మహానుభావుడెవరని గట్టిగా అడిగారు. నేను తిరగేసి చూశాను. పిట్ట. బాబాయిగారు అప్పటికే లోపలి గదిలోంచి అలవాటైన నడకతో బయల్దేరారు. ఆయన వచ్చేలోపు నేను పెన్సిల్ తీసి పని కానిచ్చి, ఇదిగోనండి, నేనే అని ఆవిడకి చూపించి, రేపటికల్లా కొత్త చెయ్యి వేయిస్తానని చెప్పి పంపాను.

ఆయన కుర్చీ తిరగేసి, కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఇక్కడ నా పిట్ట ఉండాలే అమ్మాయ్."

"బల్లి మింగేసింది బాబాయిగారూ."

ఆయన ఆ ఒంటి చేతి కుర్చీలో నిండుగా కూర్చుని, వెనక్కి వాలి, పక్క వీధి కుక్కలు లేచి మొరిగేలా నవ్వారు. కుర్చీ నిలబడింది.