మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు

పెళ్ళై తిరుపతికి కాపురానికి వచ్చిన మొదటి వారంలో మా అత్త నాకు వంటింటి కంటే ముందు అటక చూపించింది. తొమ్మిది చాపలు, పదకొండు దిండ్లు, గోనెసంచి నిండా దుప్పట్లు. ఇంట్లో మనుషులం ముగ్గురం: అత్త, మా ఆయన, నేను. మిగతావి ఎవరికని అడిగాను. “కొండకి వచ్చేవాండ్లకి” అంది, అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

వచ్చేవాళ్ళు. మదనపల్లె నుంచి, పలమనేరు నుంచి, నాయుడుపేట నుంచి. రక్తసంబంధం ఉన్నవాళ్ళు, వాళ్ళ పక్కింటివాళ్ళు, ఒకసారి పాకాల దాకా రైల్లో మా అత్త పక్కన కూర్చున్నందుకు చుట్టాలైపోయిన ఒక కుటుంబం. నిండు జుట్టుతో కొండెక్కి, గుండుకి గంధం పూసుకుని దిగివచ్చి, కొండమీద నిలబడిన క్యూ చాలనట్టు మా బాత్రూం ముందు ఇంకో క్యూ కట్టేవాళ్ళు. నేను ఇడ్లీ పాత్ర దించితే మా అత్త మళ్ళీ ఎక్కించేది. పోయేటప్పుడు నా చేతిలో ఒక లడ్డు పెట్టి, “నీకేమమ్మా, దేవుని పక్కనే ఉండావు” అనేవాళ్ళు. దేవుడి పక్కనే ఉన్న నేను ఆయన్ని చూసి ఏడాదిన్నర అయ్యుండేది. ఇడ్లీలు ఎవరు వేస్తారు మరి?

మా అత్తకి మాత్రం అదే ప్రాణం. ఇల్లు నాలుగు రోజులు ఖాళీగా ఉంటే ఒళ్ళు నొప్పులనేది. గుమ్మంలో చెప్పుల జత కనిపిస్తే ఆ నొప్పులు ఎటు పోయేవో. అందరిలోకీ పలమనేరులో టమోటా పండించే తమ్ముడంటే ఆమెకి మరీ ప్రేమ. వాళ్ళింటి ఆనవాయితీ ఒకటుంది. పిల్లలకి మొదటిసారి తల తీయించేటప్పుడు రాలే వెంట్రుకలను మేనత్త కొంగులో పట్టాలి. తమ్ముడి కొడుకులిద్దరికీ ఆమే పట్టింది. తమ్ముడికి ఆడపిల్లలు లేరు కాబట్టి మనవళ్ళకీ ఆమే పట్టాలి. పెద్దవాడి కొడుక్కి పట్టింది. చిన్నవాడికి కొడుకు పుట్టిన రోజు నుంచి, వాడి తల ఎప్పుడు తీయిస్తారా అని ఎదురుచూస్తూ ఉండేది. ఫోన్ చేసిన ప్రతిసారీ వాడి జుట్టు ఎంత పెరిగిందో అడిగేది.

కొండ టికెట్లు ఫోన్లో బుక్ చేసుకునే రోజులొచ్చాక నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. నెలకోసారి పొద్దున పది గంటలకి టికెట్లు తెరుస్తారు. కాసేపట్లో అయిపోతాయి. అందుకని చుట్టాలంతా తమ ఆధార్ కార్డులు ఫొటో తీసి నాకు పంపేవాళ్ళు. తిరుపతిలో ఉన్నదానికైతే తొందరగా దొరుకుతాయని వాళ్ళ నమ్మకం, ఇంటర్నెట్టు కూడా కొండమీది నుంచే దిగి వస్తున్నట్టు. నా ఫోన్లో నా పెళ్ళి ఫొటోల కంటే ఎక్కువ ఆధార్ కార్డులుండేవి. పేరు, వయసు, నంబరు; పేరు, వయసు, నంబరు. చూడకుండా కొట్టేంత అలవాటైపోయింది.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. అక్కడ లెక్కలు చెప్పే టీచరమ్మ ఒకరోజు మధ్యాహ్నం అన్నం క్యారియర్ మూత తీస్తూ నన్నడిగింది. “మీరెప్పుడైనా హోటల్లో పడుకున్నారా మేడమ్? మనం లేచిపోయినాక ఇంకొకరు వచ్చి దుప్పటి మడిచి పెడతారు సూడండి, అట్లాంటి హోటల్లో?”

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఆ సాయంత్రమే ఆమె వెంట ఒక ట్రావెల్ క్లబ్బు మీటింగుకి పోయాను.

మే నెల తిరుపతి ఎండలో కోటు వేసుకున్న మనిషిని చూసినప్పుడే నేను వెనక్కి తిరిగి రావాల్సింది. రాలేదు. ఆయన తెరమీద సముద్రం చూపించాడు, ఈతకొలను చూపించాడు, అందులో కాళ్ళు పెట్టుకుని కొబ్బరినీళ్ళు తాగుతున్న ఒకావిడను చూపించాడు. “మేము టూర్లు అమ్మడం లేదు, స్వేచ్ఛ అమ్ముతున్నాము” అన్నాడు. స్వేచ్ఛకి ధర కట్టి రసీదు కూడా ఇచ్చారు. నేను చేరితే గోవాలో మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు ఉచితం. నా కింద ఇద్దరిని చేర్పిస్తే, ఆ ఇద్దరూ తలా ఇద్దరిని చేర్పిస్తే, ఇక జీవితమంతా ఎక్కడికి పోయినా ఉచితమే. లెక్కల టీచరమ్మ నాకోసం స్టాఫ్ రూం బోర్డు మీద చెట్టు గీసి చూపించింది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. అట్లా ఇరవై వరసలు పోయేసరికి తిరుపతిలో మనుషులే మిగలరని ఆమెకి తట్టలేదు. లెక్కలు చెప్పే మనిషికే తట్టనిది, తెలుగు టీచర్ని, నాకెట్లా తడుతుంది? మా ఆయనకి చెప్పకుండా చీటీ పాడుకున్న డబ్బు తీసుకుపోయి కట్టేశాను.

“మీకు తెలిసిన వందమంది పేర్లు రాయండి” అన్నాడు కోటాయన తర్వాతి మీటింగులో. అందరూ పెన్నులు నములుతూ కూర్చున్నారు. నేను పావుగంటలో రాసి, ఇంకో కాగితం అడిగాను. ఆయన నన్ను వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టించాడు. నా లెక్క నాకుంది. వీళ్ళంతా నా చేతి ఇడ్లీలు తిన్నవాళ్ళు. నా దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు. నేను ఒక్కమాట అడిగితే కాదంటారా?

కాదనలేదు. “సూస్తాంలేమ్మా” అన్నారు, అందరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నట్టు.

నెలాఖరు వచ్చింది. ఎనిమిది పేర్లు పడితే నాకు సిల్వర్ హోదా. లెక్కల టీచరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. “పేర్లు పెట్టేయండి మేడమ్. డబ్బులు వాళ్ళే నిదానంగా కడతారు. వివరాలన్నీ మీ ఫోన్లోనే ఉండాయి గదా.”

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది అనుకుంటే ముప్పై దాటాయి. ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. టికెట్లకి పెట్టేటప్పుడు అడుగుతున్నానా? అదే పేరు, అదే వయసు, అదే నంబరు. అత్త తమ్ముడు, పలమనేరు మామ, ఇంటిల్లిపాదీ కార్డులు ఒకేసారి పంపి ఉన్నాడు, నేనూ ఇంటిల్లిపాదినీ ఒకేసారి పెట్టేశాను. ఇంకా తల తీయని ఆ పసివాడు కూడా నా కింద ట్రావెల్ ఏజెంటు అయ్యాడు. నాకు కోటుకి పెట్టుకునే వెండిరంగు పిన్ను ఇచ్చారు. కోటు లేదు కాబట్టి చీరకి పెట్టుకున్నాను.

ఇక గోవా. ఆ క్లబ్బు యాప్ తెరిచి దసరా సెలవులకి అడిగాను, లేదు. వేసవి సెలవులకి, లేదు. శని, ఆదివారాల్లో లేదు. గోవా కాకపోతే ఊటీ, ఊటీ కాకపోతే పాండిచ్చేరి. నెలా పదిరోజులు వెతికాక ఒక ఊరు దొరికింది. తిరుపతి.

ఫోన్ చేసి అడిగాను. “చాలా డిమాండ్ ఉన్న ప్లేస్ మేడమ్, మీరు లక్కీ” అంది అవతలి అమ్మాయి.

అప్పటికి సంగతంతా మా ఆయనకి తెలిసిపోయింది. అరుస్తాడనుకున్నాను. “డబ్బులు కట్టినావు గదా, పోదాం పా” అన్నాడు. రెండు జతల బట్టలు సర్దుకుని ఆటో ఎక్కాం. పది నిమిషాల్లో హోటల్ వచ్చేసింది. కౌంటర్లో ఆయన మా ఆధార్ కార్డులు తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు.

“లోకల్ అడ్రసుకి రూము ఇయ్యము మేడమ్.”

“మాకు వోచరు ఉండాదయ్యా.”

“ఉండనీండి మేడమ్. ఊరోళ్ళకి ఊర్లో రూము దేనికి చెప్పండి?”

మంచి ప్రశ్నే. పదిహేనేళ్ళు కాపురం చేసిన మొగుడు పక్కనుండగా, ఏదో చాటు వ్యవహారానికి వచ్చినదానిలా తలవంచుకుని బయటికి వచ్చాను. మా ఆయన ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఒక్క రాత్రి, ఇంకొకరు పరిచిన పక్క మీద పడుకోవాలనుకున్నాను. అంత పెద్ద కోరికా అది?

నా ఏడుపు నాతోనే పోయుంటే బాగుండేది. క్లబ్బువాళ్ళు నేను పెట్టిన నంబర్లన్నిటికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. పలమనేరు మామకి మండీలో టమోటా వేలం పాట జరుగుతుండగా ఫోన్ చేసి థాయిలాండ్ ఎప్పుడు పోతారని అడిగారట. ఆయన నాలుగుసార్లు పెట్టేశాడు. అయిదోసారి ఇద్దరు మనుషులు కాగితాలతో ఆయన ఇంటికే పోయారు. మీరు మెంబర్లు, ఇంట్లో అందరూ మెంబర్లే, చేరినందుకు డబ్బు కట్టండని వాకిట్లో నిలబడ్డారు.

ఆ సాయంత్రం మామ మా అత్తకి ఫోన్ చేశాడు. ఆమెకి చెవి మందం, ఫోన్ ఎప్పుడూ గట్టిగా పెట్టుకుంటుంది. నాకు ప్రతి మాటా వినిపించింది.

“అక్కా, మా ఆధార్లు మేము దేవుని కోసరం ఇచ్చినాము. ఆయమ్మి ఎత్తకపోయి ఎవురికో ఇచ్చింది. నేనేదో ఎగ్గొట్టినట్టు వాండ్లొచ్చి వాకిట్లో నిలబడినారు. ఊరంతా సూసినారు.”

అత్త నా ముఖం చూసింది. నేను గోడ చూశాను. తర్వాత నేనే మామకి ఫోన్ చేసి, తప్పయిపోయిందని చెప్పాను. “సరేలేమ్మా” అని పెట్టేశాడు. తిట్టుంటే బాగుండేది.

అందరి పేర్లూ తీయించడానికి మూడు నెలలు పట్టింది. లెక్కల టీచరమ్మ అప్పటికి స్కూలు మానేసి పూర్తికాలం స్వేచ్ఛ అమ్ముకుంటోంది, నా ఫోన్ ఎత్తడానికి ఖాళీ లేదు. కోటాయన వేరే ఊరికి, బహుశా అదే కోటుతో, వెళ్ళిపోయాడు. నా ఫోన్లో ఉన్న కార్డుల ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసి తీసేశాను.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలలు నాకు పండగే. బాత్రూం ఖాళీ. ఇడ్లీ పాత్ర ఒక్క వాయితో దిగేది. ఆదివారం తొమ్మిదింటి దాకా పడుకున్నాను. అత్త మాత్రం టికెట్లు తెరిచే రోజు పది గంటలకి కళ్ళద్దాలు పెట్టుకుని నా పక్కన వచ్చి కూర్చునేది.

“ఎవురూ పంపలేదా?”

“లేదత్తా.”

“ఒగరు గూడా?”

కళ్ళద్దాలు తీసి, తుడిచి, లోపలికి పోయేది. మూడోసారికి నాకు ఆ ఖాళీ బాత్రూం మీద అసహ్యం పుట్టింది. ఆమె నన్ను ఒక్క మాట అనదు. అన్నం పెడితే తింటుంది. పలమనేరుకి ఫోన్ చేస్తే ఎత్తుతారు, మాట్లాడతారు. పిల్లాడి జుట్టు సంగతి ఎత్తితే మాత్రం, “సూద్దాంలేక్కా” అంటారు.

ఒక శుక్రవారం పొద్దున మా ఆయన ఫోన్ చూస్తూ ఆగిపోయాడు. ఫోన్ తల్లికి ఇవ్వాలా వద్దా అని కాసేపు తన్నుకులాడి, చివరికి ఇచ్చాడు. మామ చిన్నకొడుకు స్టేటస్ పెట్టాడు. కొండ కింద అలిపిరి గేటు దగ్గర కారు, అద్దంలోంచి బయటికి చూస్తున్న పిల్లాడు, భుజాలు దాటిన జుట్టు.

అలిపిరి మా ఇంటికి రెండు కిలోమీటర్లు.

అత్త లేచి చీర మార్చుకుంది. సంచి తీసుకుని నాతో, “పా” అంది.

“యాడికత్తా?”

“కొండకి. వాండ్లు గుండు టోకెను తీసుకునేలోపల పోవాల.”

పిలవని చోటికి ఎందుకని నేను అనలేదు. ఆ మాట అనే ముఖం నాకెక్కడుంది? కొండమీద బస్సు దిగగానే, మోకాళ్ళు నొప్పనే మనిషి, నాకంటే ముందు నడిచింది. తలనీలాలు తీసే కళ్యాణకట్ట దగ్గర ఇన్నేళ్ళుగా అందరినీ తనే వరసలో నిలబెట్టింది కాబట్టి, ఎక్కడ చూడాలో ఆమెకి తెలుసు. వాళ్ళు వరసలోనే ఉన్నారు. మామ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కార్డులు.

అక్కను చూడగానే మామ ముఖం మాడిపోయింది. అంతలో వెనక నేను కనిపించాను. ఆయన కవరు చంకలోకి తీసుకున్నాడు. ఆయన భార్య చేతిసంచి జిప్పు లాగింది. కావాలని చేశారనుకోను. చేతులు వాటంతట అవే పోయాయి.

“నువ్వు రా అక్కా” అన్నాడు మామ. నా వైపు చూడకుండానే, “ఆయమ్మిని ఆడే ఉండమను” అన్నాడు.

అత్త వాళ్ళతో లోపలికి పోయింది. నేను చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. గుండ్లతో బయటికి వచ్చేవాళ్ళు నన్ను తోసుకుంటూ పోతున్నారు. ఎవరి ముఖం చూడాలన్నా సిగ్గేసింది. అందరికీ తెలిసిపోయిందేమో అనిపించింది.

గంట తర్వాత వచ్చారు. పిల్లాడి తల మీద గంధం, అత్త కొంగు తడిగా ఉంది. వాడు ఆమె మెడ పట్టుకుని ఉన్నాడు. ఆమె వాడిని తల్లికి అందిస్తూ తమ్ముడితో అంది. “దర్శనం అయినాక ఇంటికొచ్చి అన్నం తిని పోండ్రా.”

“టైం లేదక్కా. ఇట్లే పోవాల.”

ఆమె ఇంకోసారి అడగలేదు. మనిషి తినకుండా పోతానంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టే మా అత్త, రెండోసారి అడగకపోవడం నేను అప్పుడే చూశాను.

దిగేటప్పుడు బస్సులో ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. సగం దూరం వచ్చాక మాట్లాడింది.

“వాడు అడిగినాడు. వాండ్ల కార్డులు ఇంగా నీ ఫోన్లో ఉండాయా అని.”

“తీసేసినాను అత్తా. అప్పుడే తీసేసినాను.”

“అట్లనే చెప్పినా. నమ్మలా.”

బస్సు ఇంకో మలుపు తిరిగింది.

“నాది గూడా ఇచ్చినావా వాండ్లకి?”

మొట్టమొదట పెట్టింది ఆమె పేరే. ఇంట్లో మనిషే కదా, అడిగేదేముందనుకున్నాను.

“ఇచ్చినాను” అన్నాను.

అత్త మా ఇద్దరి మధ్య ఉన్న తన సంచిని తీసి, కిటికీ వైపు పెట్టుకుంది.